ఏడో నెల, హిమోగ్లోబిన్ 8.6, పురిటికి పుట్టింటికి ప్రయాణం: ఏమేం చూసుకోవాలి?

మీరడిగింది ఇదీ: చెల్లెలికి తొలి కాన్పు, 30 వారాలు. అత్తగారి ఊరు పొన్నూరు దగ్గర. సీమంతం అవగానే విజయవాడ తీసుకొస్తున్నారు. హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది, "కాస్త తక్కువ, బాగా తింటే సర్దుకుంటుంది" అన్నారట. ఇక్కడి నుంచి కాన్పు దాకా, ఆ తర్వాత తల్లికీ బిడ్డకీ ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అని.

ముందు ఆ 8.6 సంగతి తేల్చుకుందాం. అది కాస్త తక్కువ కాదు. గర్భిణికి 11 ఉండాలి. 7కీ 10కీ మధ్య ఉంటే ఓ మోస్తరు రక్తహీనత అంటారు గానీ, 30 వారాలప్పుడు ఆ మాట విని నిశ్చింతగా ఉండకూడదు. మామూలు కాన్పులో అర లీటరు దాకా రక్తం పోవచ్చు, సిజేరియన్‌లో ఇంకా ఎక్కువ. 12 ఉన్న మనిషి తట్టుకునే రక్తస్రావం 8 ఉన్న మనిషిని షాక్‌లోకి తీసుకెళ్తుంది. మీ చేతిలో ఉన్నది పది వారాలు.

తింటే సర్దుకుంటుందా? వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా ఉండదు. దానిమ్మలో అంతకన్నా తక్కువ. మన గోంగూర, తోటకూర, మునగాకు నయమే కానీ ఆకుకూరల్లోని ఐరన్‌ను ఒళ్ళు పట్టుకునేది చాలా కొద్దిగా. పీహెచ్‌సీలో ఊరికే ఇచ్చే ఎర్ర మాత్ర ఒక్కదాంట్లో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రక్తహీనత లేనివాళ్ళకు రోజుకు ఒకటి, ఉన్నవాళ్ళకు రెండు. గుడ్డు, మాంసం, కూర అన్నీ తినాల్సిందే, కానీ మాత్రకు బదులు కాదు, మాత్రతో పాటు.

మాత్రలు నెలల తరబడి మింగినా రక్తం పెరగలేదనేవాళ్ళను ఎలా మింగుతున్నారో అడిగితే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. పొద్దున టీతో మింగుతారు, టీ ఆ ఐరన్‌ను కట్టేస్తుంది. లేదా గుర్తుంటుందని కాల్షియం మాత్రా ఇదీ కలిపి ఒకే గుక్కలో వేసుకుంటారు. కాల్షియం కూడా అంతే. రెంటి మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. వీలైన పద్ధతి: పొద్దున టిఫిన్ తర్వాత, మధ్యాహ్నం భోజనం తర్వాత 500 మిల్లీగ్రాముల కాల్షియం ఒక్కొక్కటి. పదకొండు గంటలప్పుడు, రాత్రి పడుకోబోయే ముందు ఐరన్ ఒక్కొక్కటి, నిమ్మకాయ నీళ్ళతో. వికారం ఎక్కువగా ఉంటే, కాల్షియంతో ఆ రెండు గంటల ఎడం మాత్రం తప్పకుండా, అన్నం తిన్న గంటకు వేసుకోమనండి, పూర్తిగా మానేయడం కన్నా అదే మేలు. విరేచనం నల్లగా వస్తుంది, భయపడక్కర్లేదు. మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందన్న మాటకు, కుంకుమపువ్వు తాగితే తెల్లగా పుడుతుందన్న మాటకు ఉన్నంత విలువే ఉంది.

అయితే 30 వారాలకు వచ్చాక, మాత్రలు సరిగా వేసుకుంటోందో లేదో తెలియనప్పుడు, ఇంకో నెల మాత్రలతో చూద్దాం అనడం నాకు నచ్చదు. అప్పటికి 34 వారాలు వస్తాయి, అప్పుడు మందు మార్చినా అది పనిచేయడానికి మూడు నాలుగు వారాలు కావాలి. కాబట్టి ఈ వారంలోనే డాక్టరును సెలైన్ ద్వారా ఐరన్ ఎక్కించే విషయం నేరుగా అడగండి. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే మందు ఒకేసారి 1000 మిల్లీగ్రాముల దాకా సెలైన్‌లో కలిపి కనీసం పావుగంట పాటు ఎక్కిస్తారు, తర్వాత ఓ అరగంట అక్కడే కూర్చోబెట్టి చూస్తారు. ఐరన్ సుక్రోజ్ అయితే 200 చొప్పున రోజు విడిచి రోజు వెళ్ళాలి. ఇది ఇంట్లోనో మందుల షాపు వెనకో పెట్టించుకునేది కాదు. అరుదుగా రియాక్షన్ వస్తుంది, దాన్ని ఎదుర్కొనే మందులు పక్కనే ఉండాలి. ఎక్కించే ముందు పూర్తి బ్లడ్ కౌంట్ చేయిస్తే తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్త లోపం) వాహకత్వమో, బీ12 లోపమో ఉంటే అందులో అనుమానం కలుగుతుంది. ఆ రెంటిలోనూ ఐరన్ ఒక్కటే ఇస్తే అంకె కదలదు. నులిపురుగుల మాత్ర, ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, నాలుగో నెల దాటాక ఒకసారి వేశారో లేదో కార్డులో చూడండి.

ఇక ప్రయాణం. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో అన్న ఆచారం మంచిదే, అమ్మాయికి విశ్రాంతి దొరుకుతుంది. చిక్కల్లా కాగితాలతోనే. అమ్మాయి వస్తుంది, ఆమె వివరాలు రావు. పొన్నూరు గుంటూరు జిల్లా, విజయవాడ ఎన్టీఆర్ జిల్లా. అక్కడి ఆశా కార్యకర్త "పుట్టింటికి వెళ్ళింది" అని రాసుకుంటుంది, ఇక్కడి ఆశాకు ఈ అమ్మాయి వచ్చినట్టే తెలియదు. ఏడు నుంచి తొమ్మిది నెలల మధ్య, అంటే బీపీ పెరిగే కాలంలోనే, ఆమెను ఎవరూ చూడరు. బయల్దేరేలోపు తల్లీ బిడ్డల రక్షణ కార్డు, మొదటి స్కాన్ రిపోర్టు, బ్లడ్ గ్రూపు, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, షుగర్ రిపోర్టులు అన్నీ ఫోటో తీసి ముగ్గురి ఫోన్లలో ఉంచండి. కార్డు మీదున్న, గర్భిణిగా పేరు నమోదైనప్పుడు ఇచ్చే ఆర్‌సీహెచ్ నంబరు ఇక్కడి వార్డు సచివాలయం ఏఎన్‌ఎంకు వచ్చిన రెండు రోజుల్లో ఇవ్వండి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో సురక్షిత మాతృత్వ అభియాన్ కింద డాక్టరే చూస్తారు, దానికి తీసుకెళ్ళండి.

ఆ రిపోర్టుల్లో మీరు వెతకాల్సినవి మూడు. బ్లడ్ గ్రూపు నెగటివ్, భర్తది పాజిటివ్ అయితే బిడ్డ రక్తానికి తల్లి ఒంట్లో విరుగుడు పుట్టకుండా 28 వారాలకు వేసే యాంటీ-డీ ఇంజెక్షన్ పడిందా? 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చేసే షుగర్ పరీక్ష 24-28 వారాల మధ్య చేశారా? 140 దాటితే గర్భంలో వచ్చే షుగరే. ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసే టీడీ ఇంజెక్షన్లు రెండూ, నెల ఎడంతో, పూర్తయ్యాయా?

బీపీ గురించి ఒక మాట. 140/90 తాకిందంటే ఆ రోజే డాక్టరు. 160/110 అయితే అది ఎమర్జెన్సీ, ఆటో కోసం చూడకుండా 108. కాళ్ళ వాపు ఒక్కటే అయితే చాలామందికి ఉంటుంది. ముఖం ఉబ్బడం, ఉంగరం బిగిసిపోవడం, తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, కుడివైపు డొక్క కింద నొప్పి మాత్రం వేరు. గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగించి పడుకోబెట్టేది ఎక్కువగా ఈ డొక్క నొప్పినే. తెల్లారేసరికి ఫిట్స్ రావచ్చు. బిడ్డ కదలికలు కూడా రోజూ గమనించమనండి: భోజనం చేశాక ఎడమవైపు ఒత్తిగిలి పడుకుని లెక్కపెడితే రెండు గంటల్లో పది రావాలి. రాకపోతే రేపు చూద్దాం అనుకోవద్దు.

ఆసుపత్రి ఎంచుకోవడం. విజయవాడ సూర్యారావుపేటలో అడుగుకో నర్సింగ్ హోమ్ ఉంటుంది, గుంటూరు కొత్తపేటలోనూ అంతే. భవనం చూసి కాదు, నాలుగు ప్రశ్నలడిగి నిర్ణయించండి. రాత్రి రెండింటికి మత్తు డాక్టరు ఎంతసేపట్లో వస్తారు? ఈ గ్రూపు రక్తం ఎక్కడి నుంచి, ఎంతసేపట్లో తెస్తారు? బిడ్డ ఏడవకపోతే ఎవరు చూస్తారు? బిడ్డను ఎక్కడికైనా పంపాల్సి వస్తే ఎక్కడికి, ఏ వాహనంలో? జవాబులు తడబడితే ఇంకోచోట చూసుకోండి. 8.6తో మొదలైన మనిషికి రక్తం, నవజాత శిశువుల విభాగం ఒకే ప్రాంగణంలో ఉన్న చోటు మేలు. విజయవాడ పాత ప్రభుత్వాసుపత్రి, గుంటూరు పెద్దాసుపత్రి రద్దీగా ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ అర్ధరాత్రి చేయి దాటిన కేసులు చివరికి చేరేది అక్కడికే. ముందే ఒకసారి వెళ్ళి పేరు రాయించుకుని ఉంటే, అవసరం పడ్డ రాత్రి కొత్తవాళ్ళలా నిలబడక్కర్లేదు. రక్తం ఇవ్వగల ఇద్దరు మనుషుల పేర్లు ఇప్పుడే అనుకోండి.

ముహూర్తం సంగతి మీరడగలేదు గానీ ఎవరో ఒకరు తెస్తారు. సిజేరియన్ అవసరమని డాక్టరు తేల్చాక మంచి గంట చూసుకోవడంలో పెద్ద నష్టం లేదు. నష్టం ఎక్కడంటే, ఆ నక్షత్రం కోసం 37 వారాలకే కోయించడంలో. నొప్పులు రాకుండా 39 వారాల ముందే తీసిన బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరు పూర్తిగా ఇంకకపోవచ్చు. అలా అయితే ఎగశ్వాసతో ఆక్సిజన్ పెట్టే గదికి వెళ్తుంది, ముహూర్తానికి పుట్టి మూడు రోజులు తల్లికి దూరంగా ఉంటుంది. వారాల లెక్క కూడా మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌తో సరిచూడాలి. చివరి స్కాన్ ఇచ్చే తేదీ బిడ్డ సైజును బట్టి రెండు మూడు వారాలు అటూ ఇటూ అవుతుంది. పంతులుగారికి 39 దాటిన తేదీలే ఇచ్చి అందులో చూడమనండి. వైద్య కారణంతో డాక్టరే ముందుగా తీయాలంటే అది వేరే విషయం, అప్పుడు వాదించకండి. 34 వారాల లోపే కాన్పు అయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు 12 గంటలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లిస్తారు. నెలలు నిండకుండా నొప్పులొచ్చినా, ఉమ్మనీరు పోయినా ఇంట్లో ఎదురుచూడకూడదు అనేది అందుకే.

కాన్పు గదిలో మీరు చేసేదేమీ ఉండదు, కానీ అక్కడ ఏం జరగాలో తెలిసుంటే మంచిది. బిడ్డ బయటికొచ్చిన నిమిషంలోపు తల్లికి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు ఇస్తారు, గర్భసంచి గట్టిపడి రక్తం ఆగడానికి. బిడ్డ బాగా ఏడుస్తుంటే బొడ్డుతాడు ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కత్తిరిస్తారు. మాయలోని రక్తం ఆ కాసేపట్లో బిడ్డకు చేరుతుంది. రక్తం తక్కువున్న తల్లి బిడ్డకు ఇది మరీ అవసరం. తుడిచి, తల్లి గుండెల మీద బట్టలడ్డం లేకుండా పడుకోబెట్టి, పైన పొడి గుడ్డ కప్పుతారు. గంటలోపు ముర్రుపాలు. సిజేరియన్ అయినా వెన్నుకు మత్తిచ్చిన తల్లికి మెలకువే ఉంటుంది కాబట్టి గంటలో కాకపోయినా వార్డుకు రాగానే పట్టించవచ్చు. బరువు చూడమని, విటమిన్ కే ఒక మిల్లీగ్రాము ఇంజెక్షన్, 24 గంటల్లోపు హెపటైటిస్ బీ టీకా, బీసీజీ (క్షయ టీకా), పోలియో చుక్కలు పడ్డాయా అని అడగండి. మొదటి 24 గంటలు స్నానం వద్దు. ఒంటి మీది తెల్లటి జిడ్డు మురికి కాదు, అది బిడ్డ చర్మాన్ని కాపాడుతుంది.

ఇంటికొచ్చాక పెద్దవాళ్ళతో యుద్ధం మొదలవుతుంది. నా సలహా, అన్నీ కాదనకండి. నడుం కట్టు కట్టుకుంటే కట్టుకోనివ్వండి, మరీ బిగించకుండా. వెల్లుల్లి కారప్పొడి, నెయ్యి హాయిగా తిననివ్వండి. గట్టిగా నిలబడాల్సింది రెండు మూడింటి మీదే. బాలింతకు నీళ్ళు తగ్గించడం మొదటిది. బిడ్డకు జలుబు చేస్తుందని రోజుకు రెండు గ్లాసులతో సరిపెడతారు. దాంతో మలబద్ధకం, మూత్రంలో మంట వస్తాయి, ఆపరేషన్ అయి మంచం దిగని మనిషికి కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ పెరుగుతుంది. పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు నీళ్ళో మజ్జిగో తాగాలి. రెండోది బొడ్డు. పసుపు, పౌడరు, నూనె, విభూతి ఏదీ పెట్టకూడదు. పొడిగా వదిలేస్తే వారం పదిరోజుల్లో ఊడిపోతుంది, డైపరు దాని కిందికి మడవండి. మూడోది నోట్లో వేసేవి: తేనె, ఆముదం, వస కొమ్ము అరగదీసిన నీళ్ళు, గ్రైప్ వాటర్. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు, డాక్టరు రాసిన చుక్కల మందులు తప్ప మంచినీళ్ళు కూడా వద్దు, మే నెలలో సైతం. చెవుల్లో, ముక్కులో నూనె పోయడం, ముఖం మీదికి సాంబ్రాణి పొగ పట్టడం కూడా ఈ కోవలోవే. ఉగ్గుగిన్నెను మాత్రం పారేయకండి. పాలు లాగలేని బిడ్డకు పిండిన తల్లిపాలు పట్టడానికి ఆసుపత్రుల్లో వాడేది ఆ ఆకారంలో ఉన్న గిన్నెనే. పది నిమిషాలు నీళ్ళలో మరిగించి వాడండి, సీసా వద్దు.

ఎండల్లో పుట్టిన బిడ్డను తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి, రెండు దుప్పట్లలో చుట్టడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. బిడ్డ ఒళ్ళు కాలుతుంది, జ్వరమనుకుంటారు. చేతి వెనక వైపుతో పొట్ట, పాదాలు తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. పాదాలు చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే బిడ్డకు చలేస్తోంది. రెండూ చల్లబడితే ప్రమాదం, గుండెలకు హత్తుకునే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గాలి నేరుగా తగలకుండా ఫ్యాన్ వేసుకోవచ్చు. బట్టలు వదులు చేసి పాలు పట్టినా చంకలో 37.5 సెంటీగ్రేడు దిగకపోతే అది జ్వరమే. నెలలోపు బిడ్డకు జ్వరమంటే సిరప్పు కాదు, ఆసుపత్రి.

పాలు సరిపోతున్నాయా అన్నది బిడ్డ ఏడుపును బట్టి కాదు, తడిపే గుడ్డలను బట్టి చెప్పాలి. ఐదో రోజు నుంచి రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోయాలి. మొదటి రోజుల్లో పుట్టిన బరువులో పదిశాతం దాకా తగ్గడం సహజం, రెండు వారాల్లోపు తిరిగి రావాలి. చనుమొన ఒక్కటే నోట్లో పెడితే పగుళ్ళు, నొప్పి. చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు నోట్లోకి వెళ్ళాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి. రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రి కూడా.

బరువు 2.5 కిలోల లోపైతే కంగారూ పద్ధతి. తలకు టోపీ, కాళ్ళకు సాక్సులు, డైపరు తప్ప ఇంకేం లేకుండా బిడ్డను రొమ్ముల మధ్య నిలువుగా, కప్ప కాళ్ళలా ముడిచి, తల పక్కకు తిప్పి ఉంచి పాత చీర ముక్కతో కట్టుకోవాలి. ఒక్కో విడత గంటకు తగ్గకుండా, రోజంతా కలిపి వీలైనంత ఎక్కువ, ఎనిమిది గంటలకు తగ్గకుండా. తండ్రి, అమ్మమ్మ కూడా కట్టుకోవచ్చు. 1.8 కిలోల లోపు పుడితే మొదట నవజాత శిశు విభాగంలో చేర్చుకుంటారు.

పసిరికలు (కామెర్లు) రెండో మూడో రోజున ముఖం మీద కనిపిస్తే తరచూ పాలిస్తూ గమనించవచ్చు. మొదటి 24 గంటల్లోనే కనిపించినా, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా వెంటనే పరీక్ష. పొద్దుటి ఎండలో పెట్టడం వైద్యం కాదు, ఆ రెండు రోజుల ఆలస్యమే మెదడుకు చేటు. ఊపిరి అనుమానంగా ఉంటే చొక్కా ఎత్తి, బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పసిబిడ్డ ఊపిరి ఆగి ఆగి సాగుతుంది కాబట్టి పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే తప్పొస్తుంది. 60 దాటితే మళ్ళీ లెక్కపెట్టండి, మళ్ళీ దాటితే బయల్దేరండి. డొక్కలు లోపలికి లాగడం, పాలు మానేయడం, కదిపితే తప్ప కదలకపోవడం, ఫిట్స్, వీటిలో ఏదున్నా లెక్కలు అక్కర్లేదు.

బిడ్డ హడావుడిలో మరిచిపోయేది తల్లిని. కాన్పు తర్వాత బీపీ మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య మళ్ళీ పెరుగుతుంది, సరిగ్గా డిశ్చార్జి అయి ఇంటికొచ్చిన సమయానికి. అందుకే ఆ వారంలో ఒకసారైనా బీపీ చూపించండి. గంటలో ప్యాడ్ తడిసిపోవడం, పెద్ద గడ్డలు పడటం, చలిజ్వరం, దుర్వాసన, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, ఆయాసం, వీటికి పురుడు, మైల అని ఆగకండి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. రాకపోతే మీరే ఫోన్ చేయండి. ఏడుపు, చిరాకు రెండు వారాల్లో తగ్గిపోతే సరే. తగ్గకుండా బిడ్డ మీద ఆసక్తి లేకపోవడం, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోవడం ఉంటే డాక్టరుకు చెప్పాలి, ఉచిత ఫోన్ సాయం 14416లో దొరుకుతుంది.

జనన నమోదు 21 రోజుల్లోపు చేయించండి. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పుతో ఆపేయకూడదు, ఇంకో ఆరు నెలలు. 42వ రోజున బిడ్డకు మొదటి విడత టీకాలు పడతాయి. అదే ప్రయాణంలో తల్లి బీపీ, హిమోగ్లోబిన్, గర్భంలో షుగర్ వచ్చి ఉంటే ఆ పరీక్ష, తర్వాతి బిడ్డకు ఎడం కోసం ఏ పద్ధతి అన్నదీ తేల్చుకుని రండి. ఆ లోపే చెల్లెలిని అత్తగారింటికి పంపుతున్నట్లయితే, వచ్చేటప్పుడు ఫోటోలు తీసినట్టే ఇక్కడి డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు ఫోటో తీసి పొన్నూరు ఆశాకు ముందే పంపండి.